లాయరు మైకు పట్టుకుంటే దేశద్రోహమా?

తీరం_వకీలు
ఆరేళ్లుగా నెల్లూరు జిల్లాలో ప్రాక్టీసు చేస్తున్నాను. సముద్రం ఒడ్డున ఉన్న ఒక పల్లెకారుల ఊరి కేసు నా దగ్గర ఉంది. ఊరి పక్క రొయ్యల చెరువుల మురుగునీళ్లు వాగులోకి వదిలేస్తున్నారు. బోర్లన్నీ ఉప్పుబారిపోయాయి. ఆడవాళ్లు రెండు కిలోమీటర్లు నడిచి నీళ్లు తెచ్చుకుంటున్నారు. పోయిన వారం ఊళ్లో సభ పెట్టుకుని నన్ను కూడా రమ్మన్నారు. వెళ్లాను, మాట్లాడాను.

నేను అన్న మాట ఇది: "మన ఓట్లతో వచ్చిన ప్రభుత్వం చెరువుల యజమానుల ప్రభుత్వమైపోయింది. కోర్టులో నేను కొట్లాడతాను. మీరు శాంతంగా తహసీల్దారు ఆఫీసు ముందు కూర్చోండి. ఇది మారేదాకా కదలొద్దు." ఇందులో కోర్టు మాట, శాంతంగా అన్న మాట కత్తిరించి మిగిలిన ముక్కను వాట్సాప్‌లో తిప్పారు. రెండోరోజు స్టేషన్ నుంచి ఫోన్. "నూట యాభై రెండో సెక్షన్ పెడితే బెయిలు కూడా రాదు. క్షమాపణ రాసివ్వు, సభ పెట్టిన వాళ్ల పేర్లు కూడా రాసివ్వు, ఇక్కడితో వదిలేస్తాం" అన్నారు. లాయర్ల లైసెన్సులు చూసే బార్ కౌన్సిల్‌కు కూడా ఎవరో ఫిర్యాదు పెడుతున్నారట.

మా సీనియర్‌తో చెబితే "నల్లకోటు వేసుకున్నవాడికి మైకెందుకురా" అన్నారు. ఇంట్లో మా ఆవిడకు మూడు రాత్రులుగా నిద్ర లేదు. నేను అడిగేది ఒకటే. మామూలు మనిషికి ఉన్న మాట్లాడే హక్కు లాయరుకు లేదా? రాసివ్వమంటారా, వద్దంటారా?

గుండ్లకమ్మ
రాసివ్వొద్దు. ఫోన్‌లో అడిగినదానికి కాగితం మీద జవాబేంటి? నోటీసు ఇమ్మనండి ముందు.

ఒంగోలు_గిత్త
రాజద్రోహం చట్టం తీసేశారని టీవీలో చెప్పారు కదా అన్నా. మళ్లీ ఈ నూట యాభై రెండు ఏంది?

బార్‌రూం_బెంచీ
గిత్త తమ్ముడూ, పేరు పోయింది, పని మిగిలింది. ఒంగోలు కోర్టుల్లో ఇరవై ఏడేళ్లుగా క్రిమినల్ కేసులు చేస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

పాత శిక్షాస్మృతిలో 124ఏ సెక్షన్ ఉండేది. తెల్లవాళ్లు 1870లో చేర్చారు. ప్రభుత్వం మీద ద్వేషం, ధిక్కారం, అసంతృప్తి పుట్టిస్తే నేరం. 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం సెక్షన్‌ను ఉంచింది గానీ, హింసకు, శాంతిభద్రతలు చెదరడానికి ఉసిగొల్పితేనే నేరమని కుదించింది. విమర్శ ఎంత ఘాటుగా ఉన్నా నేరం కాదంది. 2022 మే 11న సుప్రీంకోర్టు ఈ సెక్షన్ అమలును ఆపి ఉంచింది, కొత్త కేసులు పెట్టకుండా ఉండాలని ప్రభుత్వాలకు చెప్పింది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 152. "రాజద్రోహం" అన్న మాట లేదు. వేర్పాటు, సాయుధ తిరుగుబాటు, విధ్వంసక కార్యకలాపాలకు రెచ్చగొట్టడం, దేశ సార్వభౌమత్వాన్ని, ఐక్యతను, సమగ్రతను ప్రమాదంలో పడేయడం అని రాశారు. పాతదాంట్లో యావజ్జీవం, లేదంటే మూడేళ్ల దాకా. కొత్తదాంట్లో యావజ్జీవం, లేదంటే ఏడేళ్ల దాకా.

ఒక సంగతి గమనించండి. పాతదాంట్లో ప్రభుత్వం మీద అసంతృప్తి అనే మాట ఉండేది, ఇందులో ప్రభుత్వం జోలి లేదు, దేశం జోలి ఉంది. ప్రభుత్వ చర్యలను చట్టబద్ధంగా మార్పించడానికి చేసే విమర్శ వేరని ఆ సెక్షన్ కిందే వివరణ కూడా ఉంది. తహసీల్దారు ఆఫీసు ముందు కూర్చోమంటే దేశ సమగ్రతకు ఏం ముప్పు?

కంభం_చెరువు
మా అబ్బాయి లేహ్‌లో డ్యూటీలో ఉన్నాడు. అందుకని నా మాట వేరుగా ఉంటుంది, ఏమనుకోవద్దు. దేశాన్ని కాపాడే చట్టం ఒకటి గట్టిగా ఉండాలి. ఎవడు ఏం మాట్లాడినా హక్కు హక్కు అంటే ఎట్టా? లాయర్లు చదువుకున్నవాళ్లు. వాళ్ల మాటకు జనం లేచి కూర్చుంటారు. మామూలు వాడికంటే వాళ్లకే ఎక్కువ జాగ్రత్త ఉండాలి.

తీరం_వకీలు
పెద్దాయనా, మీ అబ్బాయి క్షేమంగా ఉండాలి. నేను దేశం గురించి ఒక్క మాట అనలేదు. ఉప్పునీళ్ల గురించి అన్నాను.

బార్‌రూం_బెంచీ
కంభం పెద్దాయనకు ఒక విషయం చెప్పాలి. 2022లో 124ఏ ఆగిపోయిన కేసు పేరు ఒంబత్కెరె వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా. ఆ ఒంబత్కెరె గారు సైన్యంలో మేజర్ జనరల్‌గా చేసి రిటైరైన మనిషి. 2025 ఆగస్టులో ఈ 152 మీద కూడా ఆయనే సుప్రీంకోర్టుకు వెళ్లారు, కోర్టు కేంద్రానికి నోటీసిచ్చింది. దేశం కోసం యూనిఫాం వేసుకున్న మనిషే ఈ సెక్షన్ ఇట్లా ఉండకూడదంటున్నారు.

కంభం_చెరువు
ఆ సంగతి నాకు తెలియదు. అయినా జాగ్రత్త అన్న మాట వెనక్కి తీసుకోను.

నల్లకోటు_లక్ష్మి
నేనూ కొంతవరకు పెద్దాయన పక్షమే. లాయరు కోర్టుకు అధికారి లాంటివాడు. సభలో మాట్లాడితే వినేవాళ్లకు అది క్లయింటు గొంతో లాయరు గొంతో తెలియదు. రేపు జడ్జి గారి ముందు ఆ వీడియో పెడితే కేసు దెబ్బతినేది ఊరివాళ్లకే. తీరం గారూ, సభలో మీరు లాయర్ల మెడ బ్యాండు, నల్ల గౌను వేసుకున్నారా? బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం కోర్టు బయట బహిరంగ స్థలాల్లో అవి వేసుకోకూడదు. ఫిర్యాదులో ముందు అదే పట్టుకుంటారు.

తీరం_వకీలు
లేదు మేడం. తెల్ల చొక్కా, మామూలు ప్యాంటు. వీడియోలో కనిపిస్తుంది.

ఒంగోలు_గిత్త
మే నెలలో ఇసకలో నిలబడి గౌను వేసుకుంటే కేసు కంటే ముందు వడదెబ్బ పెట్టేస్తుంది మేడం.

కావలి_టీచరమ్మ
మా ఊళ్లో చదువుకున్నవాళ్లకు ఈ కథ తెలుసు. జవహర్ భారతి కాలేజీలో పాఠాలు చెప్పిన కె.వి. రమణారెడ్డి గారిని, ఇంకొందరు విరసం (విప్లవ రచయితల సంఘం) కవులను 1974లో సికింద్రాబాద్ కుట్ర కేసులో ఇరికించారు. ముద్దాయిల మీద ఆరోపణల్లో వాళ్లు రాసిన కవిత్వం, చేసిన ప్రసంగాలు కూడా ఉన్నాయి. ఆ కేసు 1989 దాకా సాగి, చివరికి కొట్టేశారు. పదిహేనేళ్లు! క్లాసులో పాఠం చెప్పాల్సిన మనిషి పదిహేనేళ్లు వాయిదాలకు తిరిగారు. నిర్దోషి అని తేలాక ఆ ఏళ్లు ఎవరు తిరిగిస్తారు? ఆ ముద్దాయిల తరఫున కన్నబిరాన్ గారి లాంటి లాయర్లు నిలబడ్డారు కాబట్టి ఆ మాత్రమైనా జరిగింది. లాయర్లే భయపడి ఉంటే?

శిక్ష పడదులే అని ధైర్యం చెప్పేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఇట్లాంటి కేసుల్లో శిక్ష చివర్లో రాదు. మొదటి రోజే మొదలవుతుంది.

బార్‌రూం_బెంచీ
టీచరమ్మ నూటికి నూరుపాళ్లు కరెక్టు. కేదార్‌నాథ్ కేసు గురించి పైన చెప్పాను. చాలామందికి తెలియని ముక్క ఒకటుంది. సెక్షన్‌ను అంత కుదించిన తీర్పులోనే కేదార్‌నాథ్ గారి సొంత అప్పీలు మాత్రం కొట్టేశారు. సూత్రం జనానికి దక్కింది, ఆయన శిక్ష ఆయనకు మిగిలింది.

గుండ్లకమ్మ
మా జిల్లాకు పేరు పెట్టుకున్న ప్రకాశం గారు కూడా లాయరే కదా. ఈ చర్చ చూశాక నాకు 1907 నుంచి 1911 దాకా జరిగిన సంగతులు ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి.

తూత్తుకుడిలో వి.ఓ. చిదంబరం పిళ్లై అని ప్లీడరు. స్వదేశీ ఓడల కంపెనీ పెట్టాడు, మిల్లు కూలీల తరఫున సభల్లో మాట్లాడాడు. 1908 మార్చిలో ఆయన్ని అరెస్టు చేస్తే తిరునెల్వేలిలో జనం తిరగబడ్డారు, పోలీసులు కాల్పులు జరిపారు. ఆ కాల్పుల మీద బెజవాడలో "స్వరాజ్య" పత్రిక నడుపుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు "విపరీత బుద్ధి" అని రాశారు. ఆయన మీద రాజద్రోహం. తెలుగువాళ్లలో మొదటి రాజకీయ ఖైదీగా ఆయన్నే చెబుతారు. చిదంబరం పిళ్లై ప్లీడరు సనదు, అంటే కోర్టులో వాదించే లైసెన్సు కూడా పోయింది. ఏళ్ల తర్వాత వాలెస్ అనే తెల్ల జడ్జి చొరవతో సనదు తిరిగి వస్తే, ఆ కృతజ్ఞతకు కొడుక్కి వాలేశ్వరన్ అని పేరు పెట్టుకున్నాడు.

1911లో తిరునెల్వేలి కలెక్టరు ఆష్‌ను కాల్చి చంపారు. ఆ కేసులో ముద్దాయి తరఫున వాదించిన లాయర్లలో మన టంగుటూరి ప్రకాశం గారు ఉన్నారు. అంతకు ముందు బిపిన్ చంద్రపాల్ మద్రాసులో ఉపన్యాసాలిస్తే, పెద్దపెద్దవాళ్లు అధ్యక్షత వహించడానికి జంకితే ఈయన కూర్చున్నారు. అప్పటికి ఆయన మంచి సంపాదన ఉన్న బారిస్టరు. ఆయన సీనియర్లు కూడా "నీకు మైకెందుకు" అనే ఉంటారు.

వినోదరాయునిపాలెంలో పుట్టిన మనిషి పేరు కలెక్టరాఫీసుకు పెట్టుకున్నాం. ఆ ప్రకాశం భవనం ముందు ఒక లాయరు మాట్లాడితే భయపడాలా?

ఒంగోలు_గిత్త
ఆ వాలేశ్వరన్ సంగతి మాత్రం నాకు కళ్లలో నీళ్లు తెప్పించింది గుండ్లకమ్మ అన్నా.

నల్లకోటు_లక్ష్మి
చరిత్ర బాగుంది. కానీ ప్రకాశం గారికి బార్ కౌన్సిల్ లేదు, మనకు ఉంది. 1961 అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని తేలితే కొన్నాళ్లు సస్పెండ్ చేయచ్చు, లాయర్ల జాబితా నుంచి పేరే తీసేయచ్చు. గాంధీ గారికి 1922లో రాజద్రోహం కింద ఆరేళ్లు వేశాక, ఆయన్ని బారిస్టరు చేసిన లండన్ ఇన్నర్ టెంపుల్ వాళ్లు ఆయన పేరు తీసేశారు. మళ్లీ చేర్చింది 1988లో. ఆయన పోయిన నలభై ఏళ్లకు. నేను భయపెట్టడం లేదు. నాకు ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు, ఈ ఎన్‌రోల్‌మెంటు తప్ప ఇంకో ఆస్తి లేదు. తీరం గారి పరిస్థితీ అంతే అనుకుంటున్నాను. ధైర్యం చెప్పేవాళ్లు ఇది కూడా లెక్క వేసుకోవాలి.

బార్‌రూం_బెంచీ
లక్ష్మమ్మా, నీ భయం నిజమే. కానీ ఫిర్యాదు వచ్చినంత మాత్రాన సనదు పోదు. స్టేట్ బార్ కౌన్సిల్ చూసి, పస ఉందనుకుంటేనే క్రమశిక్షణ కమిటీకి పంపుతుంది. ఇక్కడ జడ్జి గారి మీద గానీ, కోర్టు మీద గానీ ఒక్క మాట లేదు. పైగా "కోర్టులో నేను కొట్లాడతాను" అన్నాడు. కోర్టు మీద నమ్మకం పెట్టమన్నవాడి మీద దుష్ప్రవర్తన ఏమిటి?

కోర్టుల మీద మాట్లాడినప్పుడు వేరే గొడవ, కోర్టు ధిక్కారం. 2020లో ప్రశాంత్ భూషణ్ గారికి రెండు ట్వీట్ల మీద రూపాయి జరిమానా వేశారు. కట్టకపోతే మూడు నెలల జైలు, మూడేళ్లు సుప్రీంకోర్టులో ప్రాక్టీసు బంద్ అన్నారు. రూపాయి చిన్నదే, ఆ మూడేళ్లు చిన్నవి కావు. 2021 జూన్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఏకంగా రూల్సే మార్చింది. కోర్టులను, బార్ కౌన్సిళ్లను మీడియాలో కించపరిచేలా మాట్లాడితే దుష్ప్రవర్తన అని. లాయర్లు గట్టిగా అడ్డుపడ్డారు. దాన్ని అమలు చేయకుండా ఆపారు. అడ్డుపడితే ఆగుతాయి.

పాత_గుమస్తా
ప్లీడర్ల దగ్గర నలభై రెండేళ్లు గుమస్తాగా చేసి ఇంటిపట్టున ఉన్నాను. మనవడు టైపు చేసి పెడుతున్నాడు.

ఎనభైల్లో మాట. ఊరి పేరు చెప్పను. కూలిరేట్లు పెంచమని గట్టిగా మాట్లాడిన ఒక కుర్రాణ్ణి తీసుకెళ్లి, ప్రభుత్వాన్ని కూల్చమన్నాడని కేసు రాశారు. వాడి తల్లి రోజూ కోర్టు దగ్గర వేపచెట్టు కింద కూర్చునేది. తొమ్మిది మంది ప్లీడర్లను అడిగింది. ఒకాయన ఊళ్లో లేనన్నాడు, ఒకాయన ఒంట్లో బాగాలేదన్నాడు, ఒకాయన ఫీజు అంత చెప్పి పంపేశాడు. ఎవరూ చెడ్డవాళ్లు కాదు. "ఈ కేసు పడితే నన్నూ అదే జాబితాలో రాస్తారు" అన్న భయం.

పదో మనిషి మా అయ్యగారు. వకాల్తా మీద తల్లి వేలిముద్ర పట్టాను నేనే, కొడుకు సంతకానికి జైలుకు పోయింది కూడా నేనే. ఆ ఏడాది మా ఆఫీసుకు రెండు పెద్ద ఇళ్ల సివిల్ దావాలు రావడం మానేశాయి. అమ్మగారు గాజులు తాకట్టు పెట్టిన సంగతి నాకు తెలుసు. ఆ కుర్రాడు పదకొండు నెలలకు బయటికొచ్చాడు. తర్వాత కేసు నిలబడలేదు.

లాయరుకు ఎందుకు మాట్లాడే హక్కు అని అడుగుతున్నారు ఇక్కడ కొందరు. నేను ఆ వేపచెట్టు కింద మనిషిని చూశాను. లాయరు నోరు నొక్కితే నష్టపోయేది లాయరు కాదు బాబూ. ముందు ఆమె.

కావలి_టీచరమ్మ
తాతగారూ, మనవడికి కృతజ్ఞతలు చెప్పండి.

బార్‌రూం_బెంచీ
గుమస్తా గారు చెప్పిన రోజుల్లో అది భయంతో చేసేవాళ్లు. తర్వాత కొన్నిచోట్ల బార్ అసోసియేషన్లు ఫలానావాడి కేసు ఎవరూ పట్టొద్దని తీర్మానాలే చేశాయి. 2010లో మహమ్మద్ రఫీ వర్సెస్ తమిళనాడు కేసులో అలాంటి తీర్మానాలు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పింది. తనకు నచ్చిన లాయరును పెట్టుకునే హక్కు రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది.

సూళ్లూరుపేట_శీను
నాదొక అనుమానం. నేను ఫీల్డులో పనిచేసేవాణ్ణి, చట్టం తెలియదు. పైన అందరూ ప్రసంగం గురించే మాట్లాడుతున్నారు. సభ పెట్టినవాళ్ల పేర్లు రాసివ్వమన్నారు కదా, దాని సంగతేంటి? వాళ్లు తీరం గారి క్లయింట్లే కదా.

నల్లకోటు_లక్ష్మి
శీను గారు అసలు పాయింట్ పట్టుకున్నారు. నేను ఇది వదిలేశాను, నా పొరపాటు.

క్లయింటు లాయరుకు చెప్పిన సంగతులు క్లయింటు అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. ఇప్పటి సాక్ష్యాల చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియంలో 132వ సెక్షన్, పాత చట్టంలో 126. లాయర్లను పిలిచి క్లయింట్ల సంగతులు అడగడం ఎక్కువైందని సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుని 2025 అక్టోబరు 31న తీర్పిచ్చింది. ఆ సెక్షన్‌లో ఉన్న మినహాయింపుల కిందికి వస్తే తప్ప దర్యాప్తు అధికారి లాయరుకు సమన్లు ఇవ్వకూడదు. ఇచ్చినా ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి రాతపూర్వక అనుమతి ఉండాలి. ఫోన్ చేసి పేర్లు రాసివ్వు అనడం దీని దరిదాపుల్లో కూడా లేదు.

తీరం గారూ, ఆ కాగితం రాస్తే మీరు తప్పించుకోవడం కాదు, నమ్మిన ఊరిని అప్పజెప్పినట్టు. క్షమాపణ సంగతి మీ ఇష్టం అనుకున్నాను ఇందాకటి దాకా. ఇప్పుడు అనను. ఒక్క ముక్క కూడా రాయకండి.

కంభం_చెరువు
పేర్లు అడగడం తప్పే. మా అబ్బాయి విషయంలో నేను ఒక స్థలం తగాదాకు లాయరు దగ్గరికి వెళ్లి ఇంట్లో వాళ్లకు కూడా చెప్పని సంగతులు చెప్పుకున్నాను. అవి ఆయన ఎవరికో రాసిస్తే నేను ఏమైపోవాలి? చట్టం ఉండాలన్న మాట నాది అట్టాగే ఉంది. కానీ అది మా అబ్బాయి కాపలా కాసే దేశం కోసం ఉండాలి, ఫోన్‌లో బెదిరించడానికి కాదు.

తీరం_వకీలు
పెద్దాయనా, మీ ఈ మాట మా ఆవిడకు చదివి వినిపించాను.

బార్‌రూం_బెంచీ
ఇక చేయాల్సినవి. తమ్ముడూ, పూర్తి వీడియో ఎవరి ఫోన్‌లో తీశారో ఆ ఫోన్ జాగ్రత్త చేయించు. వాట్సాప్‌లో పంపుకుని ఒరిజినల్ తుడిచేస్తే రేపు దాన్ని కోర్టులో సాక్ష్యంగా పెట్టడానికి కావాల్సిన సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌కు ఇబ్బంది. ఫోన్ వచ్చిన తేదీ, టైము, మాటలు ఈరోజే డైరీలో రాసి పెట్టు. నీ మీద ఫిర్యాదు ఉంటే కాపీ ఇమ్మని, నోటీసు ఉంటే రాతపూర్వకంగా పంపమని రిజిస్టర్డ్ పోస్టులో స్టేషన్‌కు, ఎస్పీ ఆఫీసుకు పంపు.

ఇంకొకటి. కొత్త ప్రక్రియా చట్టం (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 173(3) కింద ముందు ప్రాథమిక విచారణ చేస్తారులే అని ధీమాగా ఉండొద్దు. అది మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాలకే. 152కి వర్తించదు. యావజ్జీవం దాకా ఉంది కాబట్టి, ఏడేళ్ల లోపు నేరాలకు అరెస్టు బదులు నోటీసు అనే రక్షణ కూడా దీనికి దొరకదు. అందుకని ముందస్తు బెయిలు పిటిషన్ 482 కింద డ్రాఫ్ట్ చేసి ఉంచుకో. వేయాల్సిన అవసరం రాకపోతే మంచిదే.

గుండ్లకమ్మ
బెంచీ గారూ, బల్వంత్ సింగ్ కేసు కూడా పెట్టించండి. 1995లో. వేర్పాటు నినాదాలు ఒకటి రెండుసార్లు అరిచినంత మాత్రాన రాజద్రోహం కాదని సుప్రీంకోర్టు అన్నది. అదే నేరం కానప్పుడు బోరు నీళ్ల గురించి మాట్లాడితే ఎట్లా అవుతుంది?

సూళ్లూరుపేట_శీను
రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు 1996లోనే ఉంది కదా, జగన్నాథన్ గారు వేసిన కేసు. తీరం గారు సభలో మాట్లాడిందీ ఆ గొడవే. కోర్టు పట్టించుకున్న విషయం ఊళ్లో మాట్లాడితే తప్పా?

తీరం_వకీలు
అందరి మాటా చదివాను, కొన్ని రెండుసార్లు.

గుమస్తా తాతగారు చెప్పింది చదివాక మా ఊరివాళ్ల ముఖాలు గుర్తొచ్చాయి. నేను భయపడి తప్పుకుంటే వాళ్లు ఇంకెంతమందిని అడుక్కోవాలో. మా సీనియర్‌కు కూడా ఆ ముక్క చదివి వినిపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆ రిజిస్టర్డ్ లెటర్ డ్రాఫ్ట్ ఇటు తే, తప్పులుంటే దిద్దుతాను" అన్నారు.

ఈ మధ్యాహ్నం పంపించాను. క్షమాపణ రాయలేదు. పేర్లు రాయలేదు. వీడియో తీసిన పిల్లాడి ఫోన్ వాళ్లమ్మ బీరువాలో పెట్టింది. మంగళవారం ఊరి కేసు వాయిదా ఉంది.

నల్లకోటు_లక్ష్మి
482 పిటిషన్ వేయాల్సి వస్తే వకాల్తా మీద నా పేరు కూడా చేర్చండి. మంగళవారం నాకూ నెల్లూరులోనే పని ఉంది, పదిన్నరకల్లా కోర్టు దగ్గర ఉంటాను.

ఒంగోలు_గిత్త
నాకు వాయిదా ఏం లేదు, అయినా వస్తున్నా. ఒంగోలు నుంచి తెల్లారే రైలుంది.

పాత_గుమస్తా
బాబూ, వెల్ఫేర్ స్టాంపు అతికించడం మర్చిపోవద్దని తాతయ్య చెప్పమన్నాడు.